వాము ఆకు కుండీ: భార్య పెంచిన మొక్కల మధ్య ఒక భర్త శోకం - కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరకు జూన్ మొదటి వారంలో వచ్చింది. నేను హనుమకొండలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు, కొత్తగా పెళ్లయినవాళ్లు. అరవై దాటిన మగవాళ్లు తమంతట తాము రావడం అరుదు. ఈయనను కూడా కూతురే తీసుకొచ్చింది. వయసు 63. ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. ఇక్కడ ఆయనను డ్రైవరు గారు అనే పిలుస్తాను. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. రాసిన తర్వాత ఆయనకు చదివి వినిపించాను. ఒక చోట ఆపి, "ఆ మాట నేను అనలేదమ్మా" అన్నారు. ఆ వాక్యం తీసేశాను.

నేపథ్యం

జనవరి 12న, సంక్రాంతి సెలవులకు కూతురు రావలసిన ముందురోజు, ఆయన భార్య గుండెపోటుతో చనిపోయారు. 36 ఏళ్ల కాపురం. కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. మే నెల వరకు సెలవులు పెట్టుకుంటూ, వస్తూ పోతూ తండ్రిని చూసుకుంది. ఆమె నాతో చెప్పిన మొదటి మాటలు ఇవి: "నాన్న తింటున్నారు, స్నానం చేస్తున్నారు, టీవీ ముందు కూర్చుంటున్నారు. కానీ టీవీ ఆపేసి ఉంటుంది."

రాత్రి రెండింటికే మెలకువ వచ్చేది. ఐదు నెలల్లో ఏడు కిలోలు తగ్గారు. కుంగుబాటు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు 16 వచ్చింది, అంటే కుంగుబాటు మధ్యస్థం దాటి తీవ్రత వైపు వెళ్తోంది. అందులో చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు ఆయన చాలాసేపు జవాబు చెప్పలేదు. చివరకు, "పోతే బాగుండు అనిపిస్తుంది. ఏమీ చేసుకోను కానీ" అన్నారు. ఆ జవాబు విన్నాక మిగతావన్నీ పక్కన పెట్టాం. కూతురు నంబరు, పక్కింటివారి నంబరు, టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ) 14416 ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన అంటించాం. ఆ వారమే సైకియాట్రిస్టు దగ్గరకు పంపాను. ఆ డాక్టరు ఒక మందు మొదలుపెట్టారు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత కనిపించిన మార్పులో మందు వాటా ఎంత, మాటల వాటా ఎంత, మొక్కల వాటా ఎంత అని విడదీసి చెప్పడం నిజాయితీ కాదు.

ఇది ప్రొలాంగ్‌డ్ గ్రీఫ్ డిజార్డరా, అంటే ఎంతకాలానికీ తగ్గని శోక రుగ్మతా అని సహోద్యోగులు అడిగారు. ఆ పేరు పెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం కనీసం ఆరు నెలలు, అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ ప్రకారం పెద్దవాళ్లకు ఏడాది గడవాలి. అప్పటికి ఐదు నెలలే. శోకానికి తొందరపడి రోగం పేరు తగిలించడం నాకు ఇష్టం ఉండదు. కుంగుబాటుకు చికిత్స చేస్తూ, శోకానికి తోడుగా ఉండాలని అనుకున్నాను.

మొక్కల మాట ఎలా వచ్చింది

మొదటి రెండు సెషన్లలో ఆయన మాటలన్నీ "లేదు", "కాదు", "అక్కర్లేదు" దగ్గరే ఆగాయి. మూడో సెషన్‌లో, రోజంతా ఏం చేస్తారని అడిగాను.

"ఏమీ లేదమ్మా. నీళ్లు పోస్తా."

"దేనికి?"

"ఆమె మొక్కలకు."

మూడు గంటల సంభాషణలో ఆయన చేస్తున్నానని చెప్పుకున్న మొట్టమొదటి పని అది. దాన్ని వదలకూడదనిపించింది. మామూలుగా క్లయింట్ల ఇళ్లకు వెళ్లను. కూతురు ఉన్న ఒక ఆదివారం వెళ్లాను. మొదటి అంతస్తులో ఇల్లు, ముందు పొడవాటి బాల్కనీ, లోపల హాలు కిటికీ. మొత్తం 23 మొక్కలు. సిమెంటు తొట్టిలో మందార, మరో తొట్టిలో గుండు మల్లె. తులసి కోట లేదు కానీ, పసుపు పూసిన మట్టి కుండీలో తులసి ఉంది. కలబంద, మరువం, గోడకు పాకిన తమలపాకు తీగ. హార్లిక్స్ సీసాలో మనీప్లాంటు, హాలు మూలన స్నేక్ ప్లాంటు. బతుకమ్మ కోసం ఏటా వేసే బంతి, సీతజడ పూల కుండీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఒక్క మొక్క పేరు కూడా ఆయనకు ఖచ్చితంగా తెలియదు. "ఇది వాసన వచ్చేది, అది పూజది" అంటూ చూపించారు.

మొక్కల వల్ల గాలి శుభ్రపడుతుందని, తండ్రి ఆరోగ్యానికి మంచిదని కూతురు అంది. నాసా 1989లో చేసిన ప్రయోగం పేరుతో ఈ మాట బాగా పాకింది. అది మూసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో జరిగిన ప్రయోగం. మామూలు ఇంట్లో కిటికీ తెరిస్తే జరిగే శుద్ధితో పోల్చాలంటే ఇంటినిండా మొక్కలు కిక్కిరిసిపోవాలని 2019లో వచ్చిన సమీక్ష తేల్చింది. నాకు కావలసింది గాలి కాదు. ఎదురుచూసేది ఒకటి ఇంట్లో ఉండడం.

దీని గురించి మా వృత్తిలో తరచూ ప్రస్తావనకు వచ్చే అధ్యయనం ఒకటుంది. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధాశ్రమంలో చేశారు. రెండు అంతస్తుల్లోని వృద్ధులకూ మొక్కలు ఇచ్చారు. ఒక అంతస్తులో వాటిని చూసుకునే బాధ్యత, రోజువారీ చిన్న చిన్న నిర్ణయాలు వృద్ధులవే. రెండో అంతస్తులో నర్సులే నీళ్లు పోస్తారు. సొంతంగా చూసుకున్నవాళ్లు చురుగ్గా, సంతోషంగా కనిపించారు. చాలామంది దీన్ని మొక్క మహిమగా చెబుతారు. మొక్క రెండు చోట్లా ఉంది కదా! తేడా తెచ్చింది బాధ్యత, ఎంపిక. అక్కడ మొక్కతో పాటు ఇతర నిర్ణయాలు కూడా వాళ్ల చేతికి ఇచ్చారు కాబట్టి, ఫలితాన్ని ఒక్క కుండీ మీద మోపలేం. అయినా నాకు దారి చూపించింది అదే.

నా పొరపాటు

కుంగుబాటులో ఉన్న మనిషిని చిన్న చిన్న పనుల్లోకి మళ్లీ నడిపించే పద్ధతిని మేము బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం. దాని ప్రకారం ఒక నోటు పుస్తకం ఇచ్చాను. 23 గీతలు, 23 మొక్కలు. రోజూ ఏ మొక్కకు ఏం చేశారో రాయమన్నాను. బస్సు నడిపిన మనిషి కదా, రిజిస్టరు అలవాటే, సులువుగా పట్టుకుంటారనుకున్నాను. పట్టుకున్నారు కూడా. ఉదయం ఆరింటికి మొదలు, ఒక్కో కుండీకి ఒక్కో మగ్గు, టిక్కు. కలబందకూ ఒక మగ్గే, మందారకూ ఒక మగ్గే. జులైలో వానలు పట్టినా మగ్గు ఆగలేదు. పుస్తకం చూసి నేను మెచ్చుకుంటూ వచ్చాను. ఒక్కసారి కూడా మట్టి గురించి అడగలేదు.

జులై మూడో వారంలో వచ్చి కూర్చోగానే, "తులసి పోయింది" అన్నారు. కలబంద మొదలు మెత్తబడింది, మరువం నల్లబడింది. ఆయన బాధంతా తులసి మీదే. తులసి ఎండితే ఇంటికి మంచిది కాదంటారు కదా, ఆమె చేతి తులసి, ఆమె వెనకే వెళ్లిపోయింది, నా చేతిలో ఏదీ నిలవదు అంటూ ఆగి ఆగి చెప్పారు. ఆ వారం పీహెచ్‌క్యూ-9 18కి పెరిగింది.

ఇక్కడ కౌన్సెలర్ నోటికి వచ్చే మాటలు రెండు ఉంటాయి. ఒకటి, అవన్నీ మూఢనమ్మకాలు. రెండు, ఇంకో మొక్క తెచ్చుకుందాం. మొదటిది ఆయన భార్య విశ్వాసాన్ని కించపరుస్తుంది, రెండోది ఆయన దుఃఖాన్ని. ఆ రెండూ అనకుండా, "ఇది చూసి ఆమె ఏమనేవారు?" అని అడిగాను.

చాలాసేపటికి, "'నీళ్లు ఎక్కువ పోశావయ్యా' అని తిట్టేది" అన్నారు. ఆ తిట్టు గుర్తుకొచ్చి ఆయన ముఖం కాస్త వదులైంది. నేను అప్పుడే మొదటిసారి ఆ ముఖాన్ని చూసినట్టనిపించింది.

పుస్తకం పక్కన పెట్టేద్దామని చెప్పి, నీళ్లు పోసే ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడమన్నాను. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. ఆయన వెంటనే అందుకున్నారు: "బండి తీసే ముందు గేజీ కడ్డీ తీసి చూడకుండా ఆయిలు పోస్తామా! ఇన్నాళ్లూ చూడకుండానే పోశాను." వృత్తిలో 31 ఏళ్లు చేసిన పని అది. చూసి, తర్వాత చెయ్యడం. శోకం ఆయన నుంచి తీసుకుపోయింది ఆ చూడడాన్నే. నా పుస్తకం ఆయనకు చెయ్యడాన్ని మాత్రం తిరిగి ఇచ్చింది, చూడడాన్ని ఇవ్వలేదు.

ఖాళీగా ఉన్న గీత

పుస్తకం మూసేముందు పేజీలన్నీ తిరగేశాను. ప్రతిరోజూ 22 టిక్కులే ఉన్నాయి. 17వ గీత మొదటి రోజు నుంచీ ఖాళీ. నాలుగు వారాలు నేను గమనించలేదు. "ఇది ఏ మొక్క?" అని అడిగాను. "వాము ఆకు" అని, లేచి, ఆ రోజుకు చాలన్నారు.

తర్వాతి వారం చెప్పారు. ఆ రాత్రి పదకొండింటికి భార్య ఛాతీ బిగపట్టినట్టుంది, దవడ లాగుతోంది అంది. చెమట పట్టింది. పండగ పిండివంటల దగ్గర కూర్చుని అలసిపోయింది, గ్యాసు అయి ఉంటుందని ఆయన అనుకున్నారు. బాల్కనీలోకి వెళ్లి, చీకట్లో తడుముకుని, వాము ఆకులు రెండు తెంపి, ఉప్పు కలిపి నమలమని ఇచ్చారు. ఆమె నమిలి, తగ్గిందని పడుకుంది. నాలుగింటికి ఆయన లేచి చూసేసరికి ఆమె లేదు.

"తెంపి ఇచ్చింది నేనే."

ఈ మాట కూతురికి కూడా చెప్పలేదట. వెంటనే తీసుకెళ్లి ఉంటే బతికేదా అని నన్ను సూటిగా అడిగారు. "తెలియదు" అన్నాను. మీ తప్పు ఏమీ లేదని చెప్పడం నాకు తేలికే. ఆయన దాన్ని నమ్మరు, నన్ను కూడా నమ్మడం మానేస్తారు. స్త్రీలలో గుండెపోటు చాలాసార్లు దవడ, వీపు, కడుపు దగ్గర అసౌకర్యంగా, చెమటగా, అలసటగా కనిపిస్తుందని, గ్యాసు అనుకోవడం ఎన్నో ఇళ్లలో జరుగుతుందని చెప్పాను. త్వరగా వెళ్తే అవకాశం పెరుగుతుందన్నది నిజం, ఆ రాత్రి ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరన్నదీ నిజం. ఆ రెండింటినీ పక్కపక్కనే ఉంచాను. (ఇది చదివేవారికి ఒక్క మాట: ఛాతీలో బరువు, దవడ లాగడం, చెమట కలిసి వస్తే ఇంటి వైద్యంతో ఆగకండి. 108కి ఫోన్ చేయండి.)

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. వాము కుండీ బాల్కనీ చివర ఉంది. మే దాకా కూతురు నీళ్లు పోసింది. జూన్ నుంచి దానికి అప్పుడప్పుడు తగిలే వానజల్లు తప్ప ఏమీ లేదు. ఆగస్టులో చూస్తే దళసరి ఆకులతో, నూగుతో, కుండీ అంచు దాటి గుబురుగా వేలాడుతోంది. డ్రైవరు గారు దానికి చెప్పుకున్న అర్థం ఇది: "నా చెయ్యి తగలనిదే బతికిందమ్మా."

కుంగిన మనసు దేన్నైనా తనకు వ్యతిరేకంగా సాక్ష్యంగా మార్చుకోగలదు. మొక్కలను ఔషధంగా రాసిచ్చే ఉత్సాహంలో మేము దీన్ని మరిచిపోతాం. పచ్చగా ఉన్న మొక్క కూడా మనిషిని గాయపరచగలదు. ఆ రోజు మేం మనసు గురించి కాక మొక్క గురించే మాట్లాడాం. వాము ఆకును విరిచి చూడమన్నాను. లోపలంతా నీరే. అది తన నీటిని తానే దాచుకునే మొక్క. తులసి అలా కాదు, దానికి ఎండ కావాలి, తడి కావాలి, తడి నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది. మొక్కమొక్కకూ స్వభావం వేరు. బతికినదీ పోయినదీ ఆయన మీద తీర్పు చెప్పడం లేదు. ఇది ఆయనకు ఒక్కరోజులో ఎక్కలేదు. నెల పట్టింది.

ఆ నెలలో చేసినది చాలా కొద్ది. మొదటి వారం ఆ కుండీ దగ్గర కుర్చీ వేసుకుని ఐదు నిమిషాలు కూర్చోవడం. రెండో వారం తడిబట్టతో ఆకుల మీద దుమ్ము తుడవడం. ఆకు రుద్దితే వాసన వస్తుంది, ఆ వాసన ఆ రాత్రిని తెస్తుంది. అందుకని అది నా ఎదుటే జరగాలనుకున్నాం. మూడో వారం ఒక ఆకు నా గదికి తెచ్చుకున్నారు. నలిపి, వాసన చూసి, తలవంచుకుని ఏడ్చారు. జనవరి నుంచీ ఆయన ఏడవలేదని కూతురు తర్వాత చెప్పింది. నాలుగో వారం కొమ్మ తుంచి ఇంకో కుండీలో గుచ్చారు. వాము కొమ్మ గుచ్చితే సులువుగా నాటుకుంటుంది. ఆ సంగతి నేను చెప్పలేదు, పక్కింటావిడ చెప్పారు. ఆ మాటకోసం ఆయన ఏడు నెలల తర్వాత పక్కింటి తలుపు తట్టారు. నా లెక్కలో అది కొమ్మకన్నా పెద్ద సంగతి.

శోకం గురించి మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే పరిశోధకులు 1999లో ఒక మాట చెప్పారు. పోయినవారి వైపు, మిగిలిన బతుకు వైపు మనిషి అటూ ఇటూ ఊగుతూ ఉంటాడని, ఆ ఊగడమే కోలుకోవడమని. మాత్రలు, నడక, స్నేహితులు ఇవన్నీ రెండో వైపు లాగుతాయి. ఫొటోలు, పాత చీరలు మొదటి వైపు లాగుతాయి. ఆమె పెంచిన మొక్క మాత్రం రెండు వైపులా ఉంటుంది. నీళ్లు పోస్తున్నప్పుడు ఆమెతోనూ ఉన్నారు, రేపటితోనూ ఉన్నారు. ఈ కేసులో మొక్కలు చేసిన పని నాకు అర్థమైనంతవరకు ఇదే.

పూజ రాని మనిషి

"దేవుడి పని ఆమెది, బండి పని నాది" అని డ్రైవరు గారు మొదట్లోనే చెప్పారు. ఆధ్యాత్మికత గురించి నేను ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరి విశ్వాసాన్నీ నా గదిలో పెంచను, తుంచను.

ఆగస్టు చివర్లో మందార తొట్టిలో ఏవో చిన్న మొలకలు వచ్చాయి. కలుపు అనుకుని ఆయన పీకడం మొదలుపెట్టారు. నాలుగైదు పీకాక వేళ్లకు వాసన తగిలింది. తులసి. పాత తులసి వెన్నుల నుంచి రాలిన గింజలు పక్క తొట్టిలో పడి, వానకు మొలిచాయి. ఇది వింత కాదు, తులసి ఎప్పుడూ చేసేదే. ఆయన నాకు ఫోను చేసి, "పీకేశాను, పీకేశాను" అంటున్నారు. ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగాను. లెక్కపెట్టి తొమ్మిది అన్నారు.

వాటిలో ఒకటి పసుపు పూసిన పాత కుండీలోకి మార్చారు. ఈసారి మట్టిలో ఇసుక కలిపి, అడుగు రంధ్రం తెరుచుకుందో లేదో చూసి. మిగతావి ఇరుగుపొరుగుకు ఇచ్చారు. ఉదయం ఆ కుండీ దగ్గర ఫోను లేకుండా అరగంట కూర్చోవడం అలవాటైంది. ఆమెతో మాట్లాడుతుంటానని, ఇది పిచ్చి కాదు కదా అని ఒకసారి గొంతు తగ్గించి అడిగారు. కాదన్నాను. పోయినవారితో బంధం తెగకుండా, దాని రూపం మారడం ఆరోగ్యకరమేనని మా రంగంలో మూడు దశాబ్దాలుగా ఒప్పుకుంటున్నాం. ఆయన ఆమె గొంతు వినడం లేదు, ఆమెకు చెప్పుకుంటున్నారు. రెండింటికీ తేడా ఉంది. దాన్ని ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలి.

కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశినాడు తులసి పక్కన ఉసిరి కొమ్మ గుచ్చి దీపం పెట్టారట. "మంత్రాలు రావు. ఆమె ఎలా తిరిగేదో అలా తిరిగాను." తులసి అప్పటికి జానెడు కూడా లేదు. ఆ సెషన్‌లో ఇంకేమీ మాట్లాడుకోలేదు. మాట్లాడాలని నాకూ అనిపించలేదు.

ఫలితం, పరిమితులు

మొత్తం 14 సెషన్లు. పీహెచ్‌క్యూ-9 అక్టోబరులో 9, జనవరిలో 7. నిద్ర నాలుగున్నర దాకా పడుతోంది. నాలుగు కిలోలు పెరిగారు. మందు డాక్టరు పర్యవేక్షణలో కొనసాగుతోంది. దసరాకు కూతురు వచ్చినప్పుడు బంతి, సీతజడ పూలు ఇంట్లోవి లేవు. నాటాల్సిన సమయంలో ఎవరూ నాటలేదు. బజారులో కొన్నారు. ఆ రోజు ఆయన బయటకు రాలేదు.

ఇదే పద్ధతి అందరికీ పనికొస్తుందని నేను అనను. మంచం పట్టిన అత్తనూ చంటిపిల్లనూ చూసుకుంటున్న ఒక స్త్రీకి ఇదే సూచిస్తే, "ఇంకొక ప్రాణమా?" అని అడిగింది. ఆమెకు కావలసింది కుండీ కాదు, రెండు గంటల విశ్రాంతి. ఇప్పుడు నేను ముందుగా అడిగే ప్రశ్న మారింది. ఏ మొక్కను చూసుకుంటారని అడగను, దేని దగ్గరకు వెళ్లరని అడుగుతాను. పోయినవారు పెంచిన సున్నితమైన మొక్కతో మొదలుపెట్టను. అది చనిపోతే ఏమనుకుంటారో ముందే మాట్లాడతాను. రిజిస్టరు ఇవ్వను.

సెప్టెంబరులో వంటింటి గోడ మీది క్యాలెండరు గురించి ఆయన చెప్పారు. జనవరి పేజీ ఎవరూ తిప్పలేదు. గడుల్లో భార్య చిన్న అక్షరాలతో రాసుకున్నవి ఉన్నాయి. ఒకచోట "కలబంద - నీళ్లు వద్దు", ఇంకోచోట "మందారకు పిండినల్లి, వేపనూనె". ఆమె చనిపోయిన 12 తర్వాత కూడా ఒక గడిలో రాసి ఉంది. 20న, "మల్లె కత్తిరించాలి." మల్లెను చలికాలంలో కత్తిరిస్తే వేసవిలో బాగా పూస్తుంది. ఆ ఏడు ఎవరూ కత్తిరించలేదు, తీగ అడవిలా అల్లుకుంది, పూలు సరిగా పూయలేదు.

సంవత్సరీకం అయిన తర్వాతి వారం ఫాలోఅప్‌కు వచ్చారు. సంవత్సరీకం రాత్రి నిద్ర పట్టలేదని, బాల్కనీలోనే తెల్లవార్లూ కూర్చున్నానని చెప్పారు. వాము ఆకు సంగతి కూతురికి ఇంకా చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. నేను తొందరపెట్టడం లేదు. 20వ తేదీన కత్తెరకు సాన పట్టించి, పక్కింటావిడను పిలిచి ఎంతవరకు కోయాలో అడిగి, మల్లెను మోకాలి ఎత్తుకు కత్తిరించారట. ఫోనులో ఫొటో చూపించారు. తొట్టిలో ఎండుపుల్లలు తప్ప ఏమీ లేవు. "నీళ్లు కూడా కొన్నాళ్లు ఆపాలంట" అని, ఫొటోను వేలితో పెద్దది చేసి, ఒక కణుపు దగ్గర ఆగి, అక్కడ ఏమైనా కనిపిస్తోందా అని నన్ను అడిగారు. ఇంకా ఏమీ లేదు.